అంతర్జాలంలో కౌమారం – తల్లిదండ్రుల చేయూత

భారతదేశంలో సామాన్య ప్రజలకు అంతర్జాలం 1995 ఆగస్టు 15వ తేదీన అందుబాటులోకి వచ్చింది. విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ అందించిన ఆ సేవను పొందాలంటే ఆనాడు కంప్యూటరు, మోడెమ్, టెలిఫోన్ లైను మూడూ ఉండవలసి వచ్చేది. అందువల్ల తెలుగు పట్టణాలలో అది ఇండ్లలోకి రాకముందే వీధి మొదట ఉన్న నెట్ సెంటరుకు చేరింది. ఎంసెట్ ఫలితాలు వెలువడిన రోజున అక్కడ విద్యార్థులు బారులు తీరేవారు. నెట్ సెంటరుకు ఒక తలుపు ఉండేది. తెరిచే వేళ, మూసే వేళ ఉండేవి. గంటకు ఇంత అని రుసుము ఉండేది. పిల్లవాడు లోపల ఏమి చూస్తున్నాడో తల్లిదండ్రులకు తెలియకపోయినా, ఎక్కడ ఉన్నాడో, ఎప్పుడు తిరిగి వస్తాడో తెలిసేది.

2016 తరువాత మొబైల్ డేటా ధరలు బాగా తగ్గడంతో ఈ పరిస్థితి త్వరితంగా మారిపోయింది. దానికి తోడు 2020 మార్చిలో కరోనా కారణంగా విద్యాలయాలు మూతపడ్డాయి. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్, టీశాట్ ద్వారా డిజిటల్ పాఠాలు ప్రారంభమయ్యాయి. అనేక ప్రైవేటు పాఠశాలలు ఫోనులోనే తరగతులు నడిపాయి. అంతవరకు ఫోను ముట్టుకోవద్దని మందలించిన తల్లిదండ్రులే అప్పుచేసి మరీ ఫోను కొని పిల్లల చేతికి ఇవ్వవలసి వచ్చింది. కొంతకాలానికి విద్యాలయాలు తెరుచుకున్నాయి గాని, చాలా ఇండ్లలో ఆ ఫోను మాత్రం తల్లిదండ్రుల చేతికి తిరిగి రాలేదు.

పైగా, ఇంట్లో ఫోను గురించి బాగా తెలిసినవాడు ఎవరని అడిగితే తల్లిదండ్రులు పిల్లవాడినే చూపిస్తారు. ఈఏపీసెట్ దరఖాస్తు నింపేది వాడే. రైలు టికెట్టు తీసేది, గ్యాసు బుక్ చేసేది, తల్లికి యూపీఐ ద్వారా డబ్బు పంపడం నేర్పేది వాడే. "మాకేం తెలుసు, అంతా మావాడికే తెలుసు" అని కొందరు గర్వంగా, కొందరు నిస్సహాయంగా అంటూ ఉంటారు. ఈ మాటలో కొంత పొరపాటు ఉంది. పిల్లలకు బాగా తెలిసినది పరికరం. మనుషుల సంగతి పెద్దలకే ఎక్కువ తెలుసు. పశువుల సంతలో నాలుగు బేరాలు చేసిన రైతుకు, కిరాణా కొట్టులో అరువు పద్దు నడిపే గృహస్థుకు, ముక్కూముఖం ఎరుగనివాడు అతి తీయగా మాట్లాడుతున్నాడంటే దాని వెనుక ఏదో ఉందని ఇట్టే తెలిసిపోతుంది. అంతర్జాలంలో పిల్లలకు ఎదురయ్యే ఆపదలలో అధికభాగం యంత్రానికి సంబంధించినవి కావు. స్నేహం నటించడం, ఆశ పెట్టడం, తొందరపెట్టడం, బెదిరించడం వంటి పాత విద్యలే అక్కడ కొత్త వేషంలో ప్రత్యక్షమవుతాయి. వాటిని గుర్తుపట్టగల తల్లిదండ్రులు సెట్టింగులు తెలియవన్న సంకోచంతో వెనుకకు తగ్గనవసరం లేదు.

కౌమారదశలోని పిల్లలకు ప్రమాదం అంటే ఏమిటో తెలియదని పెద్దలు సాధారణంగా భావిస్తారు. మనస్తత్వ శాస్త్రజ్ఞుల పరిశీలన ఇందుకు కొంత భిన్నంగా ఉంది. అమెరికాలోని టెంపుల్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ 2005లో ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రచురించారు. 13 నుండి 16 ఏండ్లవారు, 18 నుండి 22 ఏండ్లవారు, 24 ఏండ్లు దాటినవారు ఈ ప్రయోగంలో పాల్గొన్నారు. వారిచేత కంప్యూటరు తెరపై కారు నడిపే ఆట ఆడించారు. పసుపు దీపం వెలిగిన తరువాత కారును ఎంత దూరం పోనిచ్చి ఆపుతారన్నది పరీక్ష. కొందరు ఒంటరిగా ఆడారు, మరికొందరు తమ ఈడువారు పక్కన ఉండగా ఆడారు. ఈడువారు చూస్తున్నప్పుడు చిన్నవారు ఎక్కువ సాహసం చేశారు. 24 ఏండ్లు దాటినవారి ఆటలో మాత్రం చెప్పుకోదగిన మార్పు కనిపించలేదు. ఈ ఫలితాన్ని ఫోనుకు అన్వయించి చూస్తే చాలా విషయాలు బోధపడతాయి. తరగతి వాట్సప్ గ్రూపులో అరవైమంది సహాధ్యాయులు ఉంటారు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఎంతమంది చూశారో, ఎంతమంది మెచ్చారో అంకెలతో సహా కనిపిస్తుంది. అంటే అర్ధరాత్రి తన గదిలో ఒంటరిగా ఉన్న పదహారేండ్ల పిల్లవాడి పక్కన కూడా ఈడువారందరూ కూర్చొని చూస్తున్నట్లే. ఒంటరిగా ఆలోచిస్తే చేయని పనిని ఆ క్షణంలో చేయడానికి అదొక కారణం.

మరి తల్లిదండ్రులు ఏమి చేయాలి? చాలామందికి మొదట తోచే ఉపాయం నిఘా. ఫోను తీసి చూడడం, పాస్‌వర్డు అడగడం, పిల్లలకు తెలియకుండా కనిపెట్టే యాప్ ఒకటి పెట్టడం ఈ కోవకు చెందినవి. దీనిని గురించి ఆలోచించేటప్పుడు స్వీడన్‌లో జరిగిన ఒక పరిశోధనను తప్పక చెప్పుకోవాలి. హోకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 14 ఏండ్ల పిల్లలను, వారి తల్లిదండ్రులను ప్రశ్నించి 2000 సంవత్సరంలో తమ నిర్ణయాలను ప్రకటించారు. తమ పిల్లల దైనందిన జీవితం గురించి బాగా తెలిసిన తల్లిదండ్రుల పిల్లలు దారి తప్పడం తక్కువని అంతకుముందే పరిశోధకులు గుర్తించారు. అయితే ఆ తెలియడం ఎలా జరుగుతున్నదని ఎవరూ గట్టిగా ప్రశ్నించలేదు. వెంటబడి అడగడం వల్ల, కట్టుబాట్ల వల్ల కంటే, పిల్లలు తమంత తాము చెప్పడం వల్లనే తల్లిదండ్రులకు ఎక్కువ సంగతులు తెలుస్తున్నాయని వీరి పరిశోధనలో తేలింది. ఆ కాలానికి స్మార్ట్‌ఫోను ఇంటింటికీ చేరనే లేదు. కాని ఈ సూత్రం నేటి ఇండ్లకు మరింత బాగా వర్తిస్తుంది. తల్లిదండ్రులకు కనిపించే ఖాతా ఒకటి, మిత్రులకు మాత్రమే కనిపించే ఖాతా మరొకటి తెరవడానికి రెండు నిమిషాలు చాలు. రహస్యంగా గమనిస్తున్నారని తెలిసిన పిల్లలు ఆ రెండవ ఖాతాలోకి వెళ్లిపోతారు.

పిల్లలు వచ్చి చెప్పడం ఎంత ముఖ్యమో తెలియాలంటే, నేడు కౌమారవయస్కులను అత్యంత క్రూరంగా బాధిస్తున్న ఒక నేరం నడిచే తీరును పరిశీలించాలి. మొదట ఒక అపరిచిత ఖాతా నుండి స్నేహాభ్యర్థన వస్తుంది. అందులో ఆకర్షణీయమైన ఛాయాచిత్రం, దగ్గరి పట్టణంలోని ఒక కళాశాల పేరు, ఉమ్మడి మిత్రులు నలుగురైదుగురు కనిపిస్తారు. ఆ ఉమ్మడి మిత్రులు కూడా ఇలాగే తెలియక అంగీకరించినవారే. కొన్నాళ్లు, ఒక్కొక్కసారి కొన్ని గంటలు మాత్రమే, మంచి మాటలు సాగుతాయి. తరువాత సంభాషణ మరొక యాప్‌లోకి మారుతుంది. అవతలివారు ముందుగా తమదంటూ ఒక చిత్రం పంపి, బదులు అడుగుతారు. లేదా వీడియో కాల్ చేసి, ఇవతలి దృశ్యాన్ని రికార్డు చేస్తారు. ఆ క్షణం నుండి గొంతు మారిపోతుంది. బాధితుని మిత్రుల పట్టికను, బంధువుల పేర్లను స్క్రీన్‌షాట్ తీసి పంపి, "పది నిమిషాలలో డబ్బు వేయకపోతే వీళ్లందరికీ వెళుతుంది" అంటారు. బాలికలు మాత్రమే ఇటువంటి వలలో పడతారన్నది అపోహ. డబ్బు కోసం జరిగే ఈ బెదిరింపులకు బాలురు కూడా పెద్ద సంఖ్యలో గురవుతున్నారు.

డబ్బు పంపితే వ్యవహారం ముగుస్తుందని భయపడిన పిల్లవాడు అనుకుంటాడు. వాస్తవంలో అది అప్పుడే మొదలవుతుంది. ఒకసారి చెల్లించినవాడు తనకు డబ్బు దొరికే దారి ఉన్నదనీ, తాను లొంగుతాననీ తానే నిరూపించుకున్నట్లు అవుతుంది. ఐదు వందలతో మొదలైనది ఐదు వేలకు పెరుగుతుంది. తండ్రి ఫోనులోని యూపీఐ, తల్లి చిట్టీ డబ్బు, స్నేహితుల వద్ద చేబదులు ఒకదాని వెంట ఒకటి హరించుకుపోతాయి. చదువు మీద మనసు నిలవదు, తిండి సహించదు, నిద్ర పట్టదు. ఇంట్లోవారు పరీక్షల ఒత్తిడి అనుకుంటారు. ఈ దశలో కొందరు పిల్లలు ప్రాణాలు తీసుకున్న సందర్భాలు వివిధ దేశాలలో నమోదయ్యాయి.

ఇక్కడ జాగ్రత్తగా గమనించవలసిన అంశం ఒకటి ఉన్నది. నేరస్థుని బెదిరింపులో బలమైన వాక్యం "మీ నాన్నకు పంపుతాను" అన్నదే. ఆ నాన్నకు విషయం అప్పటికే తెలిసి ఉంటే, తెలిసి కూడా ఆయన బిడ్డ పక్కనే నిలబడి ఉంటే, ఆ వాక్యానికి బలం చాలావరకు పోతుంది. పిల్లవాడు మొదటి గంటలోనే వచ్చి చెప్పగలిగితే నష్టం చాలా తక్కువ. చెప్పలేకపోవడానికి సిగ్గు ఒక కారణమైతే, "ఫోను లాగేసుకుంటారు, కాలేజీ మాన్పిస్తారు" అన్న భయం మరొక కారణం. మన ఇండ్లలో రెండవ భయం బాలికలకు మరింత ఎక్కువ. చిన్న తప్పు తెలిసినా చదువు ఆపి పెండ్లి సంబంధాలు చూస్తారేమోనన్న శంక వారి నోరు నొక్కుతుంది. ఆ శంక కొన్ని ఇండ్లలో నిరాధారమైనది కాదు కూడా. ఈ విధంగా, పిల్లలను కాపాడాలని పెట్టిన శిక్షే నేరస్థునికి ఆయుధంగా మారుతున్నది.

కాబట్టి ఆపద రాకముందే, మామూలు రోజున, అన్నం తినేటప్పుడో బండి మీద వెళ్లేటప్పుడో, తల్లిదండ్రులు ఒక మాట స్పష్టంగా చెప్పి ఉంచాలి: "ఫోనులో ఏ పొరపాటు జరిగినా, ఎవరు బెదిరించినా, నాతో చెప్పు. చెప్పినందుకు ఫోను తీసుకోను, చదువు ఆపను." తప్పుకు మందలింపు ఉండకూడదని దీని అర్థం కాదు. తప్పు చేసినందుకు వేసే శిక్ష వేరు, వచ్చి చెప్పినందుకు పడే శిక్ష వేరు. రెండవది ఏనాడూ ఉండరాదు. ఈ మాటను ఒక్కసారి చెప్పి వదిలివేస్తే సరిపోదు. పగిలిన గ్లాసు సంగతో, తగ్గిన మార్కుల సంగతో పిల్లవాడు వచ్చి చెప్పినప్పుడు ఇంట్లో ఏమి జరిగిందన్నదే వాడికి అసలైన సాక్ష్యం. అక్కడ దెబ్బలు పడి ఉంటే ఈ వాగ్దానాన్ని వాడు నమ్మడు.

పిల్లలు వచ్చి చెప్పిన ఆ మొదటి గంటలో పెద్దల నోట వచ్చే తొలిమాటకు చాలా విలువ ఉంటుంది. "నీకు బుద్ధి ఉందా?" అనడం సులభం. "చెప్పి మంచిపని చేశావు నాన్నా, ఇక ఇది మనందరి పని" అనడానికి నిగ్రహం కావాలి. తరువాతి పనులు కష్టమైనవి కావు. డబ్బు పంపకూడదు. కోపంతో సందేశాలను చెరిపివేయకూడదు. బెదిరించిన సందేశాలు, ఆ ఖాతా పేరు, దాని లింకు, డబ్బు అడిగిన యూపీఐ చిరునామా, ఫోను నంబరు స్క్రీన్‌షాట్ తీసి భద్రపరచాలి. ఆపైన ఆ ఖాతాను బ్లాక్ చేయాలి. సలహా కోసమని పిల్లల చిత్రాన్ని బంధువులకో, పరిచయస్థులకో పంపడం మాత్రం ఎంతమాత్రం తగదు. పద్దెనిమిది ఏండ్ల లోపువారి అశ్లీల చిత్రాన్ని ఇతరులకు పంపడం సమాచార సాంకేతిక చట్టంలోని 67బి విభాగం కింద నేరం. సదుద్దేశంతో పంపినా అది మరొక చేతిలో పడి ఎక్కడెక్కడికో పోతుంది.

డబ్బు ఇప్పటికే పోయి ఉంటే 1930 అనే సహాయ సంఖ్యకు వెంటనే ఫోను చేయాలి. మోసపోయిన సొమ్ము ఒక ఖాతా నుండి మరొక ఖాతాకు నిమిషాలలో మారుతూ ఉంటుంది. ఆ గొలుసులో అది ఎక్కడ ఉన్నదో కనిపెట్టి నిలిపివేయమని బ్యాంకులకు తెలియజేసే ఏర్పాటు ఈ సంఖ్య వెనుక ఉన్నది. అందువల్లనే ఇక్కడ గంట ఆలస్యం కూడా నష్టమే. చిత్రాలతో బెదిరించిన పక్షంలో కేంద్ర హోంశాఖ నిర్వహించే జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో మహిళలు, పిల్లలపై నేరాలకు ప్రత్యేక విభాగం ఉంది. పేరు చెప్పకుండా కూడా అక్కడ ఫిర్యాదు చేయవచ్చు. పిల్లల సహాయ సంఖ్య 1098, అత్యవసర సంఖ్య 112. తెలంగాణలో 2014 అక్టోబరు 24న ఏర్పడిన షీ టీమ్‌లు కూడా ఇటువంటి ఫిర్యాదులను స్వీకరిస్తాయి.

పోలీసు స్టేషను అనగానే పరువు గుర్తుకు వచ్చి వెనుకాడే తల్లిదండ్రులు అనేకులు. లైంగిక నేరాల నుండి పిల్లలకు రక్షణ కల్పించే 2012 నాటి చట్టం, వాడుకలో పోక్సో చట్టం, ఈ సంకోచాన్ని ముందుగానే ఊహించింది. పిల్లల వాంగ్మూలాన్ని వారి ఇంట్లోగాని, వారు కోరిన చోటగాని నమోదు చేయాలి. సాధ్యమైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి ఆ పని చేయాలి. ఆ సమయంలో అధికారి యూనిఫాంలో ఉండరాదు. తల్లిదండ్రులు లేదా పిల్లలు నమ్మిన మరొకరు పక్కన ఉండాలి. పత్రికలుగాని, ఇతర ప్రసార మాధ్యమాలుగాని పిల్లల పేరు, చిరునామా, పాఠశాల వంటి వివరాలు వెల్లడించకూడదు. అదే చట్టం, పిల్లల శరీర చిత్రాన్ని వాడుకొంటానని బెదిరించడాన్ని నేరంగా పేర్కొంటూ, ఆ చిత్రం నిజమైనదైనా కల్పితమైనదైనా సరే అని స్పష్టంగా చెప్పింది. కృత్రిమ మేధతో ఎవరి ముఖాన్నైనా ఏ చిత్రానికైనా అతికించగలుగుతున్న ఈ రోజులలో "కల్పితం" అన్న ఆ ఒక్క పదం ఎంతో విలువైనది. కళాశాల వార్షికోత్సవంలో తీసిన మామూలు ఫొటో నుండి కూడా ఇటువంటి చిత్రాన్ని తయారు చేయవచ్చు. ఏ తప్పూ చేయని పిల్లలు కూడా బాధితులు కాగలరు గనుక, "నువ్వు ఏమి చేశావని ఇలా జరిగింది?" అన్న ప్రశ్నతో విచారణ మొదలుపెట్టడం న్యాయం కాదు.

చిత్రం అప్పటికే బయటకు పోయి ఉంటే ఇక చేయగలిగినది ఏమీ లేదని నిరాశ చెందనక్కరలేదు. అమెరికాలో తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే జాతీయ కేంద్రం 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవను నడుపుతున్నది. పద్దెనిమిది ఏండ్ల లోపు వయసులో తీసిన చిత్రాలకు ఏ దేశంవారైనా దీనిని వినియోగించుకోవచ్చు. ఇది పనిచేసే తీరు ఆసక్తికరంగా ఉంటుంది. చిత్రాన్ని ఎవరికీ పంపనవసరం లేదు. బాధితుని ఫోనులోనే ఆ చిత్రం నుండి ఒక పొడవాటి సంకేత సంఖ్య తయారవుతుంది. మనిషికి వేలిముద్ర ఎటువంటిదో చిత్రానికి ఆ సంఖ్య అటువంటిది. ఆ సంఖ్య మాత్రమే కేంద్రానికి చేరుతుంది. ఈ ఏర్పాటులో చేరిన సంస్థలు తమ వేదికలపై అదే సంఖ్య గల చిత్రం కనిపిస్తే తొలగిస్తాయి. సంఖ్యను చూసి చిత్రాన్ని తిరిగి తయారు చేయడం సాధ్యం కాదు. అయితే వ్యక్తిగత సందేశాలలో రహస్య సంకేతాల రూపంలో సాగే చిత్రాలను ఇది పట్టుకోలేదు.

డబ్బుకు సంబంధించిన ఆపదలు మరొక తరగతివి. పందెం ఆటలను తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను చట్టం ద్వారా నిషేధించాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలపై 2025 ఆగస్టులో పార్లమెంటు దేశవ్యాప్తంగా వర్తించే చట్టం చేసింది. ఇవి చాలామందికి తెలిసినవే. అంతగా తెలియని ప్రమాదం ఒకటి ఇంటర్మీడియట్ ముగించిన వయసువారికి పొంచి ఉన్నది. "నీ బ్యాంకు ఖాతా కొద్దిరోజులు వాడుకోనివ్వు, కమీషన్ ఇస్తాం" అంటూ ఎవరో వస్తారు. స్కాలర్‌షిప్పు కోసం తెరిచిన ఖాతాను విద్యార్థి అప్పగిస్తాడు. దాని గుండా ఎవరినో మోసగించిన సొమ్ము ప్రవహిస్తుంది. పోలీసుల విచారణ మొదట చేరేది ఖాతాదారుని ఇంటికే. తాను ఎవరినీ మోసగించలేదని విద్యార్థి చెప్పినా, ఖాతా స్తంభించి, కేసులో పేరు చేరిపోతుంది. ఇంకొక చిన్న సంగతి కూడా ఇంట్లో అందరూ గుర్తుంచుకోవాలి. యూపీఐలో డబ్బు పంపడానికే పిన్ అవసరం, రావలసిన డబ్బు తీసుకోవడానికి అవసరం లేదు. "మీకు డబ్బు వేస్తాను, పిన్ కొట్టండి" అన్నవాడు మోసగాడే.

ప్రచారం బాగా జరిగిన భయాలన్నీ పెద్దవి కావు. 2017లో 'బ్లూ వేల్' అనే ఆట పిల్లల ప్రాణాలు తీస్తున్నదని దేశమంతా అట్టుడికింది. ప్రభుత్వం నియమించిన సంఘం పరిశీలించిన మరణాలలో దేనికీ ఆ ఆటతో సంబంధం ఉన్నట్లు నిర్ధారణ కాలేదు. టీవీలో చూసిన పేరును పట్టుకొని పిల్లల ఫోను వెదికే తల్లిదండ్రులు, పక్కగదిలో రాత్రి ఒంటిగంటకు వస్తున్న సందేశాలను గమనించకపోవచ్చు.

కట్టుబాట్లే వద్దని ఎవరూ అనరు. ఐరోపా దేశాలలో సోనియా లివింగ్‌స్టన్, ఆమె సహచరులు జరిపిన పరిశోధన 2017లో వెలువడింది. తల్లిదండ్రులు ఆంక్షలు ఎక్కువగా పెట్టిన చోట పిల్లలకు ప్రమాదాలు తగ్గాయి. కాని అంతర్జాలం వల్ల కలిగే అవకాశాలు కూడా తగ్గాయి. దగ్గర ఉండి వాడకాన్ని ప్రోత్సహించిన చోట అవకాశాలు పెరిగాయి, వాటితోపాటు ప్రమాదాలు కూడా కొంత పెరిగాయి. ఈ రెండింటి నడుమ దారి వయసును బట్టి మారుతుంది. పదకొండేండ్ల పిల్లవాడికి ఏ యాప్ వేయాలో తల్లిదండ్రులే నిర్ణయించాలి. గూగుల్ సంస్థ 2017లో తెచ్చిన ఫ్యామిలీ లింక్ వంటివి అప్పుడు ఉపయోగపడతాయి. పదిహేడేండ్ల విద్యార్థికి అదే పద్ధతి అవమానంగా తోస్తుంది, ఫలితమూ ఇవ్వదు. ఏ వయసులోనైనా గమనిస్తున్న సంగతి పిల్లలకు చెప్పి గమనించడమే మంచిది. రాత్రి పదింటికి ఫోనులన్నీ హాలులో చార్జింగుకు పెట్టాలన్న నియమం చాలా ఇండ్లలో బాగా పనిచేస్తున్నది. ఆ "అన్నీ" లో తండ్రి ఫోను కూడా ఉన్నప్పుడు మాత్రమే అది నిలుస్తుంది.

పెద్దలు తమ అలవాట్లనూ ఒకసారి చూసుకోవడం అవసరం. కుమార్తెకు మంచి ర్యాంకు వచ్చిందన్న సంతోషంతో ర్యాంకు కార్డును, హాల్‌టికెట్టును అలాగే ఫేస్‌బుక్‌లో పెట్టే తండ్రులు ఉన్నారు. ఆమె పూర్తిపేరు, తల్లిదండ్రుల పేర్లు, ఫొటో, హాల్‌టికెట్టు సంఖ్య అన్నీ ఒక్క కాగితంలో అపరిచితులకు అందుతాయి. నమ్మకం కలిగించేలా ఫోను చేయడానికి మోసగానికి అంతకంటే కావలసినది లేదు. వీధి చివర ఫ్లెక్సీ వేయించడం కంటే ఇది ప్రమాదకరం, ఎందుకంటే ఫ్లెక్సీని ఆ వీధివారే చూస్తారు.

గల్ఫ్ దేశాలలో పనిచేస్తున్న తండ్రుల విషయం ఇంకొక విధమైనది. జగిత్యాల, నిజామాబాదు, కడప, కోనసీమ ప్రాంతాలలో వేలాది ఇండ్లలో తండ్రి ముఖం పిల్లలకు వీడియో కాల్‌లోనే కనిపిస్తుంది. అటువంటి ఇంట్లో ఫోను తీసివేయడం అంటే తండ్రిని దూరం చేయడమే. అయితే ఆ కాల్‌లో మాటలు తరచు మార్కులు, ఫీజులు, పంపిన డబ్బు చుట్టూనే తిరిగి ముగుస్తాయి. "ఈ వారం ఏ వీడియో చూసి నవ్వావు? ఎవరైనా కొత్తవాళ్లు పలకరించారా?" అని అడిగే అలవాటు ఉంటే దుబాయి నుండి కూడా ఆ తండ్రి బిడ్డకు దగ్గరగా ఉండగలడు.

ప్రభుత్వాలూ తమ వంతు ప్రయత్నం చేస్తున్నాయి. ఆస్ట్రేలియా 2024లో చేసిన చట్టం ప్రకారం 2025 డిసెంబరు 10 నుండి పదహారేండ్లలోపువారికి ప్రధాన సామాజిక మాధ్యమాలలో ఖాతాలు ఉండరాదు. భారతదేశంలో 2023లో ఆమోదం పొందిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిది ఏండ్లలోపువారి సమాచారాన్ని వాడుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి అవసరమని పేర్కొన్నది. చట్టం ఎంత కఠినమైనదైనా, తండ్రి ఫోనులో తండ్రి పేరుతో తెరిచిన ఖాతాను పిల్లవాడు వాడుకొనే ఇంట్లో అది చేయగలిగేది పరిమితమే.

పిల్లలు ఆపదలో పడినప్పుడు మొదట చెప్పేది తల్లిదండ్రులకు కాకపోవచ్చు. తొమ్మిదో తరగతి తమ్ముడు ముందుగా ఇంటర్మీడియట్ చదివే అక్కతోనే చెబుతాడు. హాస్టలులో ఉన్న విద్యార్థి పక్కమంచం మిత్రునితో చెబుతాడు. చెబుతూ, "అమ్మావాళ్లకు చెప్పనని ఒట్టు వెయ్యి" అంటాడు. ఆ ఒట్టు వేయడం స్నేహధర్మంగా తోస్తుంది. కాని అక్కడ విషయం ఆగిపోతే బెదిరింపు కొనసాగుతూనే ఉంటుంది, బరువు ఒకరికి బదులు ఇద్దరు మోస్తారు. అక్క చేయగలిగిన సాయం మరొకటి ఉన్నది. "నువ్వు ఒక్కడివే చెప్పనక్కరలేదురా, నేను పక్కన కూర్చుంటాను, ముందు నేను మొదలుపెడతాను" అని ధైర్యం చెప్పి, ఆ సాయంత్రమే తమ్ముణ్ణి వెంటబెట్టుకొని తల్లి వద్దకు వెళ్లడం.